పిల్లల మాట వినడానికి బడికో మనిషిని ఇవ్వండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. నేను కోస్తాలో ఒక మండల కేంద్రంలో ఉంటాను. మా అమ్మాయి ఇక్కడి జడ్పీ హైస్కూల్లో తొమ్మిది పూర్తి చేసి ఈ జూన్‌లో టెన్త్‌కి వెళ్తోంది. నేను ఆ బడి యాజమాన్య కమిటీలో సభ్యురాలిని. ఇంతకు ముందు మేం ఇచ్చిన అర్జీలు మీదాకా వచ్చాయో లేదో తెలియక ఇప్పుడు ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

మండలంలో ఇచ్చాం. జిల్లాలో ఇచ్చాం. సోమవారం గ్రీవెన్స్‌లో ఎండలో లైన్లో నిలబడి మరీ ఇచ్చాం. కొన్నాళ్లకు ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడినది అని. సంతోషంగా ఆఫీసుకి వెళ్లి అడిగితే, సంబంధిత పాఠశాలకు తగు సూచనలు ఇవ్వడమైనది అని కంప్యూటర్లో చూపించారు. మేం సూచనలు అడగలేదండి. మనిషిని అడిగాం. పిల్లలతో కూర్చుని మాట్లాడే కౌన్సెలర్‌ని అడిగాం. అందుకు తగ్గ చదువు ఉండి, అదొక్కటే పనిగా ఉండే మనిషిని. తల్లిదండ్రుల మీటింగ్ రోజు స్టేజీ మీద నుంచి ఒక పెద్దాయన "ఈ ఏడాదే వస్తారమ్మా" అని మాటిచ్చారు. అందరం చప్పట్లు కొట్టాం. ఆ ఏడాది అయిపోయింది.

పథకాల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. మా బడి టైం టేబుల్లో మంగళవారం ఆఖరి పీరియడ్ దగ్గర హెల్త్ అండ్ వెల్‌నెస్ అని రాసి ఉంటుంది. స్టాఫ్ రూం బయట పదకొండు అంశాల పోస్టర్ ఉంది. ఎదిగే వయసులో వచ్చే మార్పులు, మనసు బాగోగులు, తిండి, మత్తు జోలికి పోకుండా ఉండటం, ఇంటర్నెట్ జాగ్రత్తలు, అన్నీ ఉన్నాయి. నేను నిలబడి మొత్తం చదివాను. మా పిల్లలకు అక్కర్లేనిది అందులో ఒక్కటీ లేదు. ఒక సారూ, ఒక మేడమూ దానికి శిక్షణ కూడా తీసుకున్నారు. ఆ మేడం జీవశాస్త్రం చెబుతారు. మొదట్లో కొన్ని వారాలు ఆ క్లాసు చక్కగా నడిపారు. ఆడపిల్లల్ని విడిగా కూర్చోబెట్టి నెలసరి గురించి మాట్లాడారు. మా అమ్మాయి ఇంటికొచ్చి, నాకు తెలియని విషయాలు నాకే చెప్పింది. అంత బాగా చెప్పారు.

తర్వాత పరీక్షలొచ్చాయి. మార్కుల అప్‌లోడ్‌లు వచ్చాయి. టెన్త్ స్పెషల్ క్లాసులు వచ్చాయి. మంగళవారం ఆఖరి పీరియడ్‌కి లెక్కల సార్ రావడం మొదలైంది. సిలబస్ అవలేదని. ఆయన్ని నేను తప్పు పట్టను. పై నుంచి ఆయన్ని అడిగేది పాస్ పర్సంటేజీ. మేడంని అడిగేదీ అదే. ఆ మంగళవారం గంట ఏమైందని ఇప్పటిదాకా ఏ అధికారీ మా బడికొచ్చి అడగలేదు. మేమే అడిగితే, "మేమూ మనుషులమేనమ్మా, ఎన్నని చేస్తాం" అన్నారు మేడం. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇద్దరు టీచర్ల నెత్తిన ఉన్న పనికి తోడు ఇంకో పని పెట్టి, దానికి ఒక పేరు పెడితే, పిల్లలకు కౌన్సెలింగ్ అందినట్టు కాదండి.

ఒక పిల్లాడి గురించి చెబుతాను. మీరు పూర్తిగా వినాలి.

మా వీధి పిల్లాడు. తొమ్మిదో తరగతి. తండ్రి లారీ మీద వెళ్తే పది పదిహేను రోజులకు గానీ ఇంటికి రాడు. తల్లి రొయ్యల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. తెల్లవారకముందే కంపెనీ బస్సు సెంటర్లోకి వస్తుంది, ఆ బస్సెక్కి వెళ్లిపోవాలి. రాత్రి ఒంటిగంట దాకా ఆ పిల్లాడు ఫోన్లోనే ఉంటాడు. పొద్దున లేపే దిక్కు లేదు. లేచి, ఏమీ తినకుండా పరిగెత్తుకుంటూ వచ్చేసరికి ప్రార్థన అయిపోతుంది. లేటుగా వచ్చాడని గేటు దగ్గర నిలబెడతారు. మధ్యాహ్నం భోజనం గంట కొట్టేదాకా ఆ పిల్లాడి కడుపులో ఏమీ ఉండదు.

వాడు కబడ్డీ బాగా ఆడేవాడు. పీఈటీ సార్‌కి వాడంటే ఇష్టం. ఆయన రోజూ గేటు దగ్గర ఉండి "ఏరా, తిన్నావా" అని అడిగేవారట. తినలేదంటే తన టిఫిన్ బాక్స్ తీసి ఇచ్చేవారు. ఈ సంగతి నాకు వాళ్లమ్మే చెప్పింది. తర్వాత టీచర్ల సర్దుబాటులో ఆ సార్‌ని వేరే బడికి పంపారు. ఆయన స్థానంలో ఎవరూ రాలేదు. గేమ్స్ పీరియడ్ కూడా పోయి, అదీ సబ్జెక్టుల కిందే కలిసిపోయింది. ఇక ఆ పిల్లాడిని రోజూ పలకరించే పెద్దమనిషి బడి మొత్తంలో ఒక్కరూ లేకుండా పోయారు.

మొదట వారానికి ఒకరోజు బడి మానేశాడు. తర్వాత రెండు రోజులు. పిల్లాడు రాకపోతే తల్లి ఫోన్‌కి మెసేజ్ వస్తుంది కదండీ. ఆ ఫోన్ పిల్లాడి చేతిలోనే ఉంటుంది. ఫ్యాక్టరీ లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, అందుకని ఇంట్లో వదిలి వెళ్తుంది. మెసేజ్ రాగానే వాడే చూసి తీసేసేవాడు. మా బడి రికార్డులో మాత్రం తల్లికి సమాచారం ఇచ్చినట్టే ఉంది. ఒకరోజు సంచిలో ఖైనీ ప్యాకెట్ దొరికింది. మర్నాడు ప్రార్థనలో అందరి ముందూ నిలబెట్టి ఆ ప్యాకెట్ చేత్తో పైకెత్తి చూపించమన్నారు. అంతే. ఆ తర్వాత వాడు బడి గుమ్మం తొక్కలేదు. ఇప్పుడు రొయ్యల చెరువు దగ్గర మేత వేయడానికి, రాత్రి కాపలాకి ఉంటున్నాడు. నాకు ఎదురొస్తే తల దించుకుని పక్కకు తప్పుకుంటాడు. పధ్నాలుగేళ్లు నిండాయంతే.

ఖైనీ ఎందుకు మొదలుపెట్టావని వాడిని విడిగా కూర్చోబెట్టి అడిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎవరు అడగాలి? అది ఎవరి ఉద్యోగం? నేను కమిటీ మీటింగులో ఇదే ప్రశ్న వేశాను. ఎవరి దగ్గరా జవాబు లేదు. ఎందుకంటే నిజంగానే అది ఎవరి ఉద్యోగమూ కాదు.

ఆ ప్యాకెట్ ఎక్కడ కొన్నాడో వెతకడానికి పెద్ద కష్టపడక్కర్లేదు. గేటు దగ్గర నిలబడితే బడ్డీ కొట్టు కనిపిస్తుంది. బడికి వంద గజాల్లోపు పొగాకు అమ్మకూడదని 2003 నుంచి చట్టం ఉంది. పసుపు గీత కూడా గీశారు, వానలకు చెరిగిపోయింది. ఎప్పుడైనా ఫిర్యాదు చేస్తే వచ్చి ఆ చట్టం కింద రెండు వందల జరిమానా రాసి వెళ్తారు. సాయంత్రానికి మళ్లీ ప్యాకెట్ల దండలు వేలాడుతుంటాయి. అదే పిల్లలకు పొగాకు ఇచ్చినవాళ్లకు జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా వేయొచ్చు. ఆ సెక్షన్ మా ఊళ్లో ఎవరి మీదా పెట్టినట్టు నేను వినలేదు. పిల్లాడిని మాత్రం ప్రార్థనలో నిలబెట్టారు.

డ్రగ్స్ వద్దు బ్రో అని ర్యాలీ చేయించారు. మా అమ్మాయి కూడా ప్లకార్డు పట్టుకుని నడిచింది. మంచిదే, వద్దని చెప్పాల్సిందే. కానీ వద్దని చెప్పినంత మాత్రాన, అప్పటికే చేతిలోకి తీసుకున్న పిల్లాడు ఏం చేయాలి? ఎవరి దగ్గరికెళ్లి చెప్పుకోవాలి? చెప్పుకుంటే కొట్టరని, ఇంట్లో చెప్పరని, నలుగురిలో పరువు తీయరని వాడికి నమ్మకం ఇచ్చేదెవరు? గోడ మీద 14416 నంబర్ రాశారు. అది మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన నంబర్, ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్లు మాట్లాడతారు, ఉచితమే. బడిలో పిల్లలకు ఫోన్ ఉండకూడదు. ఇంట్లో ఉన్నది అమ్మ ఫోన్. "అమ్మా, నాకు మనసు బాగోలేదు, ఒక నంబర్‌కి చేసుకోవాలి, నువ్వు కాస్త బయటికెళ్లు" అని పదమూడేళ్ల పిల్ల తల్లిని అడగగలదా? ఆలోచించండి.

సుప్రీం కోర్టు 2025 జూలై 25న ఏం చెప్పిందో మీకు తెలుసు. ఆ కేసు మన రాష్ట్రం నుంచే వెళ్లింది. విశాఖపట్నంలో నీట్‌కి చదువుతున్న ఒక అమ్మాయి ప్రాణం పోతే, ఆ తండ్రి పోరాడితే వచ్చిన తీర్పు అది. వంద మంది, అంతకన్నా ఎక్కువ పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలోనూ శిక్షణ పొందిన కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరు ఉండాలని అందులో ఉంది. మార్కుల్ని బట్టి పిల్లల్ని విడగొట్టకూడదని, నలుగురిలో అవమానించకూడదని ఉంది. మా బడిలో ఐదు వందల మందికి పైగా ఉన్నారు. కౌన్సెలర్ లేరు. టెన్త్ పిల్లల్ని ఏ, బీ, సీ అని గ్రేడులు చేసి పేర్లు నోటీసు బోర్డులో అంటించారు. సీ లిస్టులో ఉన్న పిల్ల ఒకామె ఆ బోర్డు ముందు నుంచి వెళ్లకుండా వెనక మెట్ల మీదుగా తిరిగి క్లాసుకి వెళ్లేది. అది నేను కళ్లారా చూశాను.

2025లో టెన్త్‌లో 81.14 శాతం పాసయ్యారని చెప్పారు. పాసైన ప్రతి బిడ్డకీ నా దీవెనలు. తప్పినవాళ్లు లక్షా పదిహేను వేల మందికి పైనే. రిజల్ట్స్ వచ్చిన మధ్యాహ్నం వాళ్లలో ఎంతమందికి బడి నుంచి ఒక ఫోన్ వెళ్లి ఉంటుంది? "ఏం పర్లేదు, సప్లిమెంటరీ ఉంది, రేపు రా మాట్లాడుకుందాం" అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? మార్కుల కోసం వంద రోజుల ప్రణాళిక వేయగలిగిన ప్రభుత్వం ఆ ఒక్క రోజు కోసం ఎందుకు వేయలేదు?

ఆడపిల్లల సంగతి వేరే రాయాలి, అయినా కొంచెం చెప్తాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి అరవై మందికి రక్తహీనత ఉంది. ఐరన్ మాత్రలు ఇస్తున్నారు, కాదనను. అన్నం తిన్నాక వేసుకోవాల్సిన మాత్ర పొద్దున్నే, ఖాళీ కడుపుతో వేయిస్తే కడుపులో తిప్పి వాంతి అవుతుంది. ఒకరికి అయితే మిగతావాళ్లు భయపడి పారేస్తారు. మా బడి ప్రహరీ వెనకాల నీలం రంగు మాత్రలు నేను ఏరాను. ఎందుకు వేసుకోవాలో, ఎప్పుడు వేసుకోవాలో కూర్చుని చెప్పే మనిషి ఉంటే అవి కడుపులోకి వెళ్లేవి. అదే సర్వేలో, మన దగ్గర 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిపోయిందని ఉంది. ఇంట్లో సంబంధం చూస్తున్నారని పిల్లకి ముందే తెలుస్తుంది. క్లాసులో పక్క పిల్లకి చెబుతుంది. అక్కడితో ఆగిపోతుంది, చెప్పడానికి పెద్దవాళ్లెవరూ లేక.

మంత్రి గారూ, మీరు బడులకు బెంచీలు, డిజిటల్ బోర్డులు, పుస్తకాలు, బూట్లు ఇస్తున్నారు. మా పిల్లలు వాడుకుంటున్నారు, కృతజ్ఞతలు. మేం అడిగేది వాటికి అదనంగా ఒక్క జీతం. పూర్తి కాలం కుదరకపోతే రెండు మూడు బడులకు కలిపి ఒకరిని ఇవ్వండి, వారంలో ఫలానా రోజు వస్తారని పిల్లలకు తెలిస్తే చాలు. తలుపు వేసుకుని మాట్లాడటానికి ఒక చిన్న గది ఇవ్వండి, అది మేం కమిటీ తరఫున సున్నం వేయించి సిద్ధం చేస్తాం. మంగళవారం గంటను ఏ సబ్జెక్టూ తీసుకోకూడదని గట్టిగా ఉత్తర్వు ఇచ్చి, ఆ గంటకు తనిఖీ పెట్టండి. పీఈటీ సార్‌ని వెనక్కి ఇవ్వండి. నోటీసు బోర్డు మీద గ్రేడుల లిస్టులు తీయించండి. గేటు ఎదురుగా కొట్టు సంగతి పోలీసు శాఖతో మాట్లాడండి. ఇంకా చాలా ఉన్నాయి, అన్నీ రాస్తే మీరు ఏదీ చేయరేమోనని భయం. అన్నిటికన్నా ముందు ఆ మనిషిని ఇవ్వండి. మళ్లీ అదే అడుగుతున్నాను, విసుక్కోకండి, ఆ మనిషిని ఇవ్వండి.

జూన్ 12న బడులు తెరుస్తారు. ఆ రోజుకి మా వీధి పిల్లాడిని మళ్లీ బడికి తీసుకురావాలని వాళ్లమ్మా నేనూ అనుకుంటున్నాం. వాడిని ఒప్పించే ప్రయత్నం మేం చేస్తాం. "వస్తాను గానీ, అందరూ నన్ను చూసి నవ్వితే?" అని అడుగుతున్నాడు. ఆ మొదటి రోజు వాడిని లోపలికి తీసుకెళ్లి పక్కన కూర్చోబెట్టుకునేది ఎవరో మాకు చెప్పండి. పేరు కూడా అక్కర్లేదు, ఫలానా ఉద్యోగం చేసేవారని చెబితే చాలు. ఈసారి జవాబు మెసేజ్‌లో కాకుండా కాగితం మీద, సంతకంతో పంపమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
టెన్త్‌కి వెళ్తున్న ఒక అమ్మాయి తల్లి,
పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యురాలు