5 వోల్టులే అనుకున్న చోట

అనంతపురం

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం అందింది. 65 వాట్ల ల్యాప్‌టాప్ ఛార్జర్‌కి నీ బోర్డు తగిలిస్తే 20 వోల్టులు వచ్చిపడతాయేమోనని టెన్షన్ పడుతున్నావు. ఛార్జర్ మంచిదైతే ఆ భయం వద్దు. ఇటువైపు నుంచి అడిగితే తప్ప అది 5 వోల్టులు దాటదు. నీ టైప్-సి సాకెట్‌లో ఛార్జర్‌తో మాట్లాడే రెండు సీసీ పిన్నుల నుంచి గ్రౌండ్‌కి చెరొక 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉందో లేదో మాత్రం చూసుకో.

నా బోర్డు పోయింది వేరే దారిలో. మా చీనీ (బత్తాయి) తోటలో నేల తేమ చూడడానికి ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డు, సెన్సర్ పెట్టాను కదా. 12 వోల్టుల సోలార్ బ్యాటరీ, దాన్ని 5కి దించే ఎల్ఎం2596 మాడ్యూల్, అక్కడి నుంచి యూఎస్‌బీ కేబుల్. పోయిన నెల ఆ మాడ్యూల్ లోపల షార్టయి 12 వోల్టులూ నేరుగా బోర్డు మీదికి వచ్చేశాయి. సెన్సర్ అక్కడికక్కడే పోయింది. ఫోన్‌లో పాత రీడింగే కనబడుతుంటే నేల తడిగానే ఉందనుకుని నాన్న రెండు రోజులు డ్రిప్ వదల్లేదు. బోర్డు పోయినందుకంటే నాకు అదే ఎక్కువ బాధ.

టీవీఎస్ డయోడ్ పెట్టలేదా అంటావు. పెట్టాను రా. కానీ అది క్షణంలో వచ్చి పోయే వోల్టేజ్ స్పైకుల కోసం. 12 వోల్టులు వచ్చి అలాగే నిలబడితే ఏం చేస్తుంది? ముందు ఫ్యూజ్ కూడా లేదు. మాడి తెగిపోయింది.

ఇప్పుడు ముందు పాలీఫ్యూజ్ (వేడెక్కితే కరెంటు ఆపేసి, చల్లారాక మళ్లీ పనిచేసే ఫ్యూజ్), దాని తర్వాత గ్రౌండ్‌కి 5.6 వోల్టుల జీనర్ డయోడ్ పెట్టాను. వోల్టేజ్ పెరగగానే జీనర్ కరెంటు లాగుతుంది, ఆ కరెంటుకి ఫ్యూజ్ వేడెక్కి దారి మూసేస్తుంది. ఈ వరుస తారుమారు చెయ్యొద్దు. 1 వాట్ జీనర్ అస్సలు వద్దు, 1 ఆంపియర్ పారితేనే 5.6 వాట్ల వేడి! ఫ్యూజ్ పని చేసేలోపు అదే కాలిపోతుంది. 5 వాట్లది, 1ఎన్5339బి తీసుకో. పాలీఫ్యూజ్‌లలో 6 వోల్టులకే పనికొచ్చేవి కూడా ఉంటాయి, 16 వోల్టులవి అడుగు. ఇంకో సంగతి, మన మే ఎండకి మూసిన డబ్బాలో పాలీఫ్యూజ్ మామూలు కంటే తక్కువ కరెంటుకే ఆపేస్తుంది. వైఫై ఆన్ అయినప్పుడల్లా బోర్డు రీసెట్ అవుతుంటే నాలుగు రోజులు నాకు ఎందుకో అంతుపట్టలేదు. 500 మిల్లీ ఆంపియర్లది తీసి 750ది వేశాక సరిపోయింది.

పండక్కి వస్తావుగా. వచ్చేటప్పుడు హైదరాబాద్ నుంచి ఆ 5 వాట్ల జీనర్లు ఒక పది పట్టుకురా. ఇక్కడ నాకు దొరికింది ఒక్కటే, బోరు దగ్గరి డబ్బాకి ఇంకా ఏమీ పెట్టలేదు.

నీ
మామ