40 రకాలు వద్దు, నాలుగు నవలలు పదేసి కాపీలు ఇవ్వండి

పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. గోదావరి డెల్టా ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పేవాళ్ళం, గ్రంథాలయాలు చూసుకునేవాళ్ళం కలిసి రాస్తున్నాం. బడులకు పుస్తకాలు కొనేటప్పుడు రకాలు తగ్గించి కాపీలు పెంచమని మా మనవి. 40 రకాలు ఒక్కొక్కటి చొప్పున వస్తే స్టాకు రిజిస్టరెక్కి బీరువాలోనే ఉండిపోతాయి. పోతే ఎవరు కట్టుకోవాలన్న భయంతో ఇన్‌చార్జి తాళం తీయరు, ఆయన్నీ తప్పుపట్టలేం. అదే నాలుగు చారిత్రక నవలలు పదేసి కాపీలైతే, 40 మంది తరగతిలో నలుగురికొకటి చొప్పున అందరూ ఒకే కథ చదువుతారు.

ముందు ఇవ్వాల్సింది భీమవరంలో పుట్టిన అడివి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’, కాకతీయ రాణి రుద్రమదేవి కాలపు కథ. తొలి ప్రకరణాల్లోనే పెళ్ళికొడుకును ఎత్తుకుపోతారు, ఇక పిల్లలు పుస్తకం దించరు. రుద్రమదేవి భర్త చాళుక్య వీరభద్రుడిది మన నిడదవోలేనని మాస్టారు చెబితే ఆసక్తి ఇంకా పెరుగుతుంది. గన్నారెడ్డి సాహసాల్లో కల్పన పాలు ఎక్కువ. రుద్రమ మరణాన్ని చెప్పే 1289 నాటి చందుపట్ల శాసనాన్ని పక్కన పెట్టి, ఏది ఆధారం, ఏది ఊహ అని విడదీసి చూపించాలి.

రెండోది నోరి నరసింహశాస్త్రి ‘నారాయణభట్టు’. రాజరాజ నరేంద్రుడి కొలువు, నన్నయ కాలం, రాజమహేంద్రవరం. నన్నయకు భారత రచనలో తోడ్పడిన ఆ నారాయణభట్టుకు రాజు అగ్రహారంగా ఇచ్చిన నందంపూడి ఇప్పటికీ అంబాజీపేట మండలంలో ఉంది. 1053 నాటి ఆ దానశాసనం రచన నన్నయదే. కోనసీమ పిల్లలకు ఇంతకంటే దగ్గరి చరిత్ర ఏముంటుంది? కాకపోతే వాక్యం బరువైనది. ఎనిమిదో తరగతికి నేరుగా చేతికిస్తే పదో పేజీ దగ్గరే వదిలేస్తారు. తొమ్మిదికి ఇచ్చి, మొదటి రెండు ప్రకరణాలు మాస్టారే పైకి చదవాలి.

తెన్నేటి సూరి ‘చెంఘిజ్ ఖాన్’ పరుగెత్తే వాడుక భాష. యుద్ధాల రక్తపాతం ఉంది కాబట్టి పదో తరగతికి సరి. నాలుగోది మళ్ళీ బాపిరాజుదే, శాతవాహనుల నాటి ‘హిమబిందు’. విశ్వనాథ ‘ఏకవీర’ గొప్ప నవలే, కానీ అందులోని దాంపత్య సంఘర్షణ పదమూడేళ్ళ పిల్లలకు అందదు. పేరు కోసం జాబితాలో చేర్చకండి.

టెండరులో రెండు షరతులు తప్పనిసరి. మొదటిది కుట్టు బైండింగు. జిగురుతో అంటించినవి మా వానాకాలపు చెమ్మకు మధ్యలో విచ్చుకుని, కార్తీకం నాటికి పేజీలు రాలిపోతాయి. రెండోది కొత్తగా కూర్చిన 14 పాయింట్ల అచ్చు. పాత ముద్రణల్ని ఫొటో తీసి వేస్తే వత్తులన్నీ అలుక్కుపోయి, ‘ద్ధ’కూ ‘ద్ద’కూ తేడా తెలియదు. ముందు పేజీల్లో ఒక పటం, ఒక వంశవృక్షం ఉండాలి. కఠిన పదాల అర్థాలు పుస్తకం చివర కాదు, అదే పేజీ అడుగున ఇవ్వాలి. వెనక్కి తిప్పి చూసే పిల్లలు తక్కువ.

బీరువాను ఇటుకల మీద అడుగెత్తున నిలిపి, గోడకు జానెడు ఎడం ఉంచాలి. వరద, తుఫాను నెలల్లో అన్నిటికంటే కింది అర ఖాళీగా వదలాలి. తడిసిన పుస్తకాన్ని ఎండలో పెడితే అట్ట వంకర్లు పోతుంది, నీడలో గాలికి ఆరబెట్టాలి.

వారానికి ఒక పీరియడు చాలు. 15 నిమిషాలు మాస్టారు చదవాలి, మిగతాది పిల్లలు. చివర్లో ప్రశ్నపత్రం పెట్టకండి, పెట్టారంటే నవల కూడా పాఠమైపోతుంది, గైడు అడుగుతారు.

ఏడాదికి నూటికి పది పుస్తకాలు చిరిగినా, పోయినా ఇన్‌చార్జి జీతంలో కోయకుండా రిజిస్టరులోంచి కొట్టివేసేలా ఉత్తర్వు ఇప్పించండి. వేసవి సెలవుల్లో ఈ కాపీలే ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్ళాలి. అది తెరిచి ఉండాలంటే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే గ్రంథాలయ సెస్సు జిల్లా గ్రంథాలయ సంస్థకు సకాలంలో జమ కావాలి. పురపాలక, పంచాయతీరాజ్ శాఖలతో మీరే ఒకసారి మాట్లాడగలరు.

ఇట్లు,
గోదావరి డెల్టా తెలుగు ఉపాధ్యాయులు, గ్రంథాలయ పాలకులు కొందరు