ముత్తమ్మ గారికి దక్కాల్సిన గౌరవం: విదేశాంగ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

ఈ విన్నపాన్ని ఇదివరకు మామూలు పద్ధతిలోనే పంపాం. ఎక్కడ ఆగిందో తెలియదు. అందుకే ఇప్పుడు నలుగురి ముందు పెడుతున్నాం.

కొడగులో పుట్టిన సి.బి. ముత్తమ్మ గారు 1949లో విదేశాంగ సర్వీసులో చేరిన తొలి మహిళ. పెళ్లి చేసుకుంటే ఉద్యోగం వదిలేస్తానని ఆమె చేత ముందే రాయించుకున్నారు. మగ అధికారులకు ఆ టెన్షన్ లేదు. పెళ్లా, ఉద్యోగమా అని తేల్చుకోవాల్సి రావడం ఆడవాళ్లకు ఎంత నరకమో వేరే చెప్పాలా? పదోన్నతిలో వివక్ష చూపారని ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లారు. చిత్రంగా, కేసు నడుస్తుండగానే పదోన్నతి వచ్చేసింది! 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ పిటిషన్ కొట్టేస్తూనే, వివక్ష ఉన్న నిబంధనలన్నీ సరిదిద్దాలని ప్రభుత్వానికి గట్టిగా చెప్పారు.

సొంత శాఖతో పోరాడుతూనే ఆమె దేశం తరఫున స్నేహాలు కూడగట్టారు. హంగరీ, ఘనా, నెదర్లాండ్స్‌లలో రాయబారిగా పనిచేశారు. స్వీడన్ ప్రధానిగా పనిచేసిన ఓలోఫ్ పాల్మె నేతృత్వంలోని నిరాయుధీకరణ కమిషన్‌లో సభ్యురాలిగా ఉన్నారు. 2009లో కన్నుమూశారు.

మేం అడుగుతున్నది విగ్రహం కాదు, విగ్రహాలకు మన దేశంలో కొదవ లేదు. కొత్త అధికారులకు శిక్షణ ఇచ్చే సంస్థలో ఏటా జనవరి 24న, ఆమె పుట్టినరోజున, ఆమె పేరిట స్మారకోపన్యాసం పెట్టించండి. ఆ 1979 తీర్పును శిక్షణలో పాఠంగా చేర్చండి. ఈ రెండింటిపై మీ నిర్ణయాన్ని రాతపూర్వకంగా ప్రకటించాలని కోరుతున్నాం.

భవదీయులు,
కొందరు పౌరులు