ఆ కుట్టుపని రోజులను ఎందుకు వదిలేశారు?

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనుబంధంలో ఎమిలీ డేవిస్ డైరీల మీద వచ్చిన వ్యాసం చదివాను. అమెరికా అంతర్యుద్ధ కాలంలో, 1863 నుంచి 1865 వరకు, ఫిలడెల్ఫియాలోని ఒక నల్లజాతి యువతి రాసుకున్న మూడు చిన్న డైరీలను తెలుగువారికి పరిచయం చేసినందుకు సంతోషం. అయితే వ్యాసమంతా రెండు సందర్భాల చుట్టూనే తిరిగింది. ఒకటి బానిస విమోచన ప్రకటన వెలువడిన 1863 జనవరి 1, రెండోది లింకన్ హత్య. మిగతా మూడేళ్లూ వాతావరణం, కుట్టుపని, స్నేహితుల రాకపోకలేనని వ్యాసకర్త ఒక్క ముక్కలో తేల్చేశారు. నాకు కష్టం అనిపించింది అక్కడే.

నేనూ బట్టలు కుట్టి బతికేదాన్నే. ఆ కాలపు గౌన్ల ఘేరా, అంటే అంచు చుట్టుకొలత, గజాల కొద్దీ ఉండేది. అంత అంచూ మడిచి చేత్తో కుట్టుకుంటూ వెళ్తే మెడ పట్టేస్తుంది, పొద్దు వాలితే నల్ల గుడ్డ మీద నల్ల దారం కనబడి చావదు. అలాంటి పని చేసుకుంటూనే ఎమిలీ చదువుకుంది, గిటారు నేర్చుకుంది, ఉత్తరాలు రాసింది. ఇన్నిటి మధ్య డైరీలో రోజుకు నాలుగు ముక్కలు రాయడమే గొప్ప.

రోజూ వాతావరణం గురించి రాయడం వ్యాసకర్తకు విసుగు పుట్టించినట్టుంది. ఆ ఊళ్లో గుర్రాలు లాగే ట్రాముల్లో నల్లవారిని చాలావరకు లోపల కూర్చోనిచ్చేవారు కాదు. 1867లో చట్టం వచ్చాకే ఆ అడ్డు తొలగింది. వానలో, మంచులో నడిచి వెళ్లాల్సిన మనిషి ఆకాశం వంక చూడక ఏం చేస్తుంది?

1863 జూన్‌లో, బానిసత్వాన్ని నిలుపుకోవాలని పోరాడుతున్న దక్షిణాది సైన్యం ఫిలడెల్ఫియా ఉన్న పెన్సిల్వేనియా రాష్ట్రంలోకి చొరబడింది. ఆ రాష్ట్ర రాజధాని హారిస్‌బర్గ్ వైపు నుంచి జనం పారిపోయి వస్తున్నారని, నాన్న గురించిన బెంగతో మంచం పట్టేలా ఉన్నానని ఎమిలీ రాసుకుంది. జూలై 1న అదే రాష్ట్రంలోని గెటిస్‌బర్గ్‌లో పెద్ద యుద్ధం మొదలైంది. వ్యాసంలో దీనికి ఒక్క వాక్యమైనా దక్కలేదు!

ఆ డైరీల పుటలు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు. ఏదో ఒక వారం ఎంచుకుని, ఏడు రోజుల రాతలనూ ఉన్నవి ఉన్నట్టు తెలుగు చేసి అచ్చు వేయండి. "ఏమీ జరగలేదు" అనిపించే రోజును మాత్రం దయచేసి కత్తిరించకండి.

ఇట్లు,
కుట్టుపని చేసుకునే ఒక పాఠకురాలు