ముందు పునాది, తర్వాత డ్రాయింగు!

అయ్యా,

'మరో రెండు నెలల్లో సబ్‌స్టేషన్ సిద్ధం' అని పోయిన వారం మీ పత్రిక జిల్లా పేజీలో మా ఊరి గురించి వచ్చిన వార్త చూసి మా ఊళ్లో నవ్వనివాళ్లు లేరు. కిందటేడూ ఇదే మాట, ఇదే ఫొటో.

విద్యుత్ బోర్డులో చేసి రిటైరైనవాణ్ణి, ఉండబట్టలేక రాస్తున్నాను. 33 కేవీ కరెంటును 11 కేవీకి దించి ఊళ్లకు పంపే 33/11 కేవీ సబ్‌స్టేషన్ అంటే చంద్రయానం కాదు. ఓ 5 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్, బ్రేకర్లు, లైన్లను విడదీసే ఏబీ స్విచ్‌లు, ఊళ్లకు వెళ్లే నాలుగు ఫీడర్లు (లైన్లు), ఓ కంట్రోల్ రూము. ఆర్‌ఈసీ (కేంద్రం వారి గ్రామీణ విద్యుదీకరణ సంస్థ) నిర్మాణ ప్రమాణాలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఊరినిబట్టి మారేది నేల, మట్టం, లైన్లు వచ్చే దిక్కు. సరిగ్గా అవే చూడరు మనవాళ్లు. పక్క మండలం డ్రాయింగులో ఊరి పేరు మార్చి ఎస్టిమేట్ వేసేస్తారు.

మా దగ్గర జరిగిందదే. సబ్‌స్టేషన్‌కు ఇచ్చిన స్థలం చెరువు కింది పల్లం. టెండరు పిలిచినప్పుడు ఆ సంగతి ఎవరికీ తెలియదట! వానలు పడ్డాక తెలిసొచ్చి గ్రావెల్‌తో మెరక చేశారు. దానికి అదనపు అంచనా, ఆమోదానికి మళ్లీ ఫైలు. మట్టి విద్యుత్ నిరోధకత కొలవకుండా పరిచిన ఎర్త్‌మ్యాట్‌ను (లోపం వచ్చినప్పుడు కరెంటును భూమిలోకి పంపే లోహపు వలను) తవ్వి మళ్లీ పరిచారు. కంపెనీ డ్రాయింగు రాకముందే పోసిన ప్లింత్ (కాంక్రీటు దిమ్మె) మీద ట్రాన్స్‌ఫార్మర్ చక్రాలు కూర్చోలేదు. పగలగొట్టారు. సాయిల్ టెస్టుకయ్యే నాలుగు డబ్బులు మిగిల్చి ఎర్త్‌మ్యాట్ రెండుసార్లు పరచడాన్ని, డ్రాయింగుకు ఆగకుండా కాంక్రీటు రెండుసార్లు పోయడాన్ని పొదుపు అంటారు కాబోలు! ఆ ఖర్చు ఎవరూ జేబులోంచి పెట్టుకోరు. కరెంటు చార్జీలు ఖరారు చేసే ఈఆర్‌సీ (విద్యుత్ నియంత్రణ మండలి) ముందు పద్దు పెడితే చివరికి పడేది మన బిల్లు మీదే.

1999లో రాష్ట్ర విద్యుత్ బోర్డును వేర్వేరు కంపెనీలుగా ముక్కలు చేసినప్పుడు సామర్థ్యం పెరుగుతుందన్నారు. నార్ల తాతారావుగారు బోర్డు ఛైర్మన్‌గా ఉన్నరోజుల్లో సైటు చూడకుండా డ్రాయింగు మీద సంతకం పెట్టాలంటే మాకు చేతులు వణికేవి. ఇప్పటి ఏఈలను (అసిస్టెంట్ ఇంజినీర్లను) అని లాభం లేదు. పొద్దస్తమానం వీడియో కాన్ఫరెన్సులు, వాట్సాప్‌లో ఫొటోలు! ఇక సైటుకెళ్లేదెప్పుడు? శంకుస్థాపన ఫలకం మాత్రం అంగుళం తేడా లేకుండా కుదిరింది.

ఈలోగా ఫీడరు చివరి రైతులకు లోవోల్టేజీ, కాలిన మోటార్లు. సబ్‌స్టేషన్ పేరు చెప్పి బాగుపడింది వైండింగ్ షాపు ఒక్కటే.

ఇంకొక్క మాట. ట్రాన్స్‌ఫార్మర్ యార్డులో ఎండకూ వానకూ పడి ఉంది, గ్యారంటీ కరిగిపోతోంది. మంత్రిగారి చేత స్విచ్ నొక్కించే హడావుడిలో ఆయిల్‌కు బీడీవీ పరీక్ష (అది ఎంత వోల్టేజీ తట్టుకుంటుందో చూసేది) మళ్లీ చేయించడం మానకండి బాబూ.

— ఓ విశ్రాంత విద్యుత్ ఉద్యోగి
(పేరు ప్రచురించవద్దని మనవి)