పాత కార్ల మీటర్ రీడింగ్ ప్రభుత్వం ఎందుకు నమోదు చేయదు?

సంపాదకులకు నమస్కారం.

ఖమ్మం నుంచి విజయవాడ దాకా ఎటు చూసినా సెకండ్‌హ్యాండ్ కార్ల షాపులే. అందులో 'ఢిల్లీ బండి సార్' అని చూపించే డీజిల్ కార్లకు గిరాకీ ఎక్కువ. ఎందుకో అందరికీ తెలుసు. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు అక్కడ తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే అంది, దాంతో గడువు దగ్గరపడ్డ బండిని అక్కడివాళ్లు వచ్చిన రేటుకు వదిలించుకుంటూ వచ్చారు, మనవాళ్లు అక్కడి రవాణా శాఖ నుంచి అభ్యంతరం లేదనే పత్రం (ఎన్‌ఓసీ) తెచ్చి, లైఫ్ ట్యాక్స్ కట్టి, ఇక్కడి నంబర్ వేయించి అమ్ముతూ వచ్చారు. ఇంతవరకు ఎవరినీ తప్పుపట్టను. గొడవంతా మీటర్ దగ్గరే, తిరిగిన కిలోమీటర్లు తక్కువ కనబడేలా దాన్ని వెనక్కి తిప్పేస్తున్నారు.

నేనూ అలాంటి బండే కొన్నాను, మీటర్‌లో 62 వేల కిలోమీటర్లు ఉంది. కొన్న కొత్తలో బాగానే నడిచింది. తర్వాత మొదలైంది, పొద్దున స్టార్ట్ అవ్వదు, అయితే నల్ల పొగ, హైవే ఎక్కాక ఉన్నట్టుండి ఇంజిన్ లైట్ వెలిగి పికప్ చచ్చిపోతుంది, ఇక ఎంత తొక్కినా నలభై దాటదు, వెనక లారీలవాళ్ల హారన్లు. ముందు పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ నిండా మసి అన్నారు, శుభ్రం చేయించాను. తర్వాత ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు పోయాయన్నారు. వాటి కోసం విజయవాడ ఆటోనగర్ తిరిగాను. ఇప్పుడేమో ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో, ఇంజిన్ ఆయిల్‌ను తాగేస్తోందట. ఇది లక్షన్నరకు తక్కువ తిరిగిన ఇంజిన్ కాదు సార్, అరిగిన స్టీరింగ్ దాచడానికి కాకపోతే 62 వేల బండికి కొత్త స్టీరింగ్ కవర్ ఎందుకేస్తారు అని మెకానిక్ నవ్వాడు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పాత రికార్డు అడిగితే, పాత ఓనర్ వివరాలు ఇవ్వలేం అన్నారు. నాకు ఆయన ఫోన్ నంబర్ అక్కర్లేదు మహాప్రభో, కిలోమీటర్లు చెప్పండి చాలు అన్నా వినలేదు.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమంటారు. వెళ్లొచ్చు, ఐదు లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు కూడా లేదు. కానీ మీటర్ తిప్పారని దేంతో నిరూపించాలి? షాపువాడు 'బండి ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నాను' అని సంతకం పెట్టించుకుని కూర్చున్నాడు. పాత బండ్ల డీలర్లు రవాణా శాఖ అనుమతి తీసుకోవాలని 2023 ఏప్రిల్ నుంచి కేంద్ర నిబంధన ఉంది. నేను తిరిగిన షాపుల్లో ఒక్కచోట కూడా ఆ సర్టిఫికెట్ గోడమీద కనిపించలేదు.

లండన్ దగ్గర ఉండే మా మేనల్లుడు పాత కారు కొనేముందు నంబర్ కొట్టి చూసుకున్నాడు. అక్కడ మూడేళ్లు దాటిన కార్లకు, బండి రోడ్డెక్కే స్థితిలో ఉందా అని చూసే ఎంఓటీ పరీక్ష ఏటా ఉంటుంది, ఆరోజు మీటర్ ఎంతుందో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఒక ఏడాది 90 వేలుండి మరుసటి ఏడాది 50 వేలైతే చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది.

మనకు దీనికోసం కొత్త ఆఫీసులేం పెట్టక్కర్లేదు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేవాడు నంబర్ ప్లేట్ ఫొటో ఎలాగూ తీస్తాడు, దాంతోపాటు మీటర్ ఫొటో ఒకటి. ఇన్సూరెన్స్ తెగిపోయిన బండికి మళ్లీ పాలసీ ఇచ్చేటప్పుడు కంపెనీవాళ్లు మీటర్ ఫొటో తీసుకుంటూనే ఉన్నారు. ఇవన్నీ ఆర్‌సీ వివరాలు చూసే యాప్‌లోనే కనిపించేలా చేస్తే మీటర్ తిప్పేవాడికి పనుండదు. అన్ని బండ్లకూ ఒకేసారి కుదరదంటే ఎన్‌ఓసీ మీద బయటి రాష్ట్రాల నుంచి వచ్చే వాటితో మొదలుపెట్టండి, నంబర్ మార్చే ముందు వాటిని ఆర్టీఏ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టాల్సిందే కదా.

– ఒక పాఠకుడు, ఖమ్మం