మంచినీళ్ల ప్లాంటు, కొత్త బోరు జమా ఖర్చుల లెక్క

ఊరోళ్లందరికి నమస్కారం. లెక్క ఎప్పుడు చెప్తరు అని దసరా నుంచి అడుగుతున్నరు, అడగడం తప్పు కాదు, పైసలు ఇచ్చినోళ్లకు ఆ హక్కు ఉంది. కానీ ఎలక్షన్లు నడిచేటప్పుడు లెక్క చదివితే అదొక పార్టీ ముచ్చట అయితదని ఆగినం, మా కమిటీల రెండు పార్టీలోళ్లు ఉన్నరు కాబట్టి. డిసెంబర్ల పంచాయతీ ఎలక్షన్లు అయిపోయినయి, కొత్త సర్పంచ్, వార్డు మెంబర్లు వచ్చిన్రు, సంక్రాంతికి పట్నం నుంచి కూడా అందరు వస్తున్నరు, అందుకే ఇప్పుడు పెడుతున్నం.

పంచాయతీ ఉండంగ మీరెవరు వసూలు చేయడానికి అని ఒకాయన అన్నడట. 2025 ఏప్రిల్‌ల పాత బోరు ఎండి ప్లాంటు బంద్ అయినప్పుడు ఊరికి సర్పంచ్ లేడు, 2024 ఫిబ్రవరిలనే పదవీకాలం అయిపాయె, స్పెషల్ ఆఫీసర్ పాలన నడుస్తుండె. పాలకవర్గం లేకపోతే కేంద్రం ఊళ్లకు ఇచ్చే 15వ ఆర్థిక సంఘం పైసలు రాకుండె. ఎండకాలం నెత్తి మీద, క్యాను పక్కూరి నుంచి 20 రూపాయలకు తెచ్చుకుంటున్నం, ఇంక ఎవరి కోసం చూడాలె? నల్లా నీళ్లు వస్తున్నయి కదా అనేటోళ్లకు కూడా ఒక మాట, నల్లా వచ్చిన రోజు మంచిదే, పైపు పగిలిన రోజు తాగేది ఏంది? మన నల్లగొండ జిల్లాల బోరు నీళ్లు డైరెక్టుగ తాగితే ఏమైతదో మర్రిగూడ దిక్కు ఫ్లోరైడుతోని వంకరైన ముసలోళ్ల కాళ్లు చూసినోళ్లకు చెప్పనక్కర లేదు.

జమ

ఇంటికి 500 చొప్పున 268 ఇళ్లు: 1,34,000
ఊళ్లె ఎక్కువ ఇచ్చినోళ్లు, రిటైర్డ్ సారు 10,000 కలిపి: 38,000
హైదరాబాద్‌ల ఉన్నోళ్లు: 61,500
అమెరికా, గల్ఫ్ నుంచి పిల్లలు పంపింది: 72,000
యూత్ వాళ్ల వినాయక చవితి మిగులు: 11,240
పాత మోటరు, కాలిపోయిన కేబులు స్క్రాప్: 6,800
మొత్తం జమ 3,23,540 రూపాయలు.

అందరికంటే ముందు ఇచ్చింది మహిళా సంఘం అక్కలు, కూలి డబ్బుల్ల నుంచి ఇచ్చినోళ్లు కూడా ఉన్నరు, వాళ్లకు దండం. రసీదు బుక్కులు మా దగ్గర ఉన్నయి, ఫోన్‌పేల వచ్చినవి బ్యాంకు స్టేట్‌మెంట్‌ల కనబడతయి, దాని గురించి ఎక్కువ చెప్పేది లేదు.

ఖర్చు

ముందు ఎవరికి తకరారు లేనియి చెప్తం. ఐదు హెచ్‌పీ మోటరు 38,000, స్టార్టర్ ప్యానెల్ 7,500, కేబులు 18,000, హెచ్‌డీపీఈ పైపు 14,850, అంత కలిపి 78,350. బోరు నుంచి ప్లాంటు దాక పైపులైను, జేసీబీ కాలువ తీసిన దానితో 38,600. ప్లాంటుల నీళ్లు వడగట్టే మెంబ్రేన్లు నాలుగు 54,000, ఇసుక, కార్బన్, ఫిల్టర్లు 14,400. కరెంటు కనెక్షన్, మీటరు 18,500. నీళ్ల టెస్టు 1,200. మోటరు దింపినందుకు మన వైర్‌మన్ తమ్ముడు కూలి తీసుకోలేదు, చాయ్ కూడ వాళ్లింట్ల నుంచే తెచ్చిండు.

ఇగ బోరు సంగతి. ఊరంత మాట్లాడేది దీని గురించే కదా.

మొదటి బోరు, స్కూల్ ఎనుక పంచాయతీ జాగల, 520 అడుగులు. 300 దాక అడుగు 95 లెక్కన 28,500, ఆ మీద వంద అడుగులకు 105 లెక్కన 10,500, ఇంకో వందకు 115 లెక్కన 11,500, చివరి ఇరవై అడుగులకు 2,500, అంటే 53,000. మట్టి కూలకుండ బోరుల దింపే కేసింగ్ పైపు 40 అడుగులు 16,000. మొత్తం 69,000. బోరు ఎక్కడ వెయ్యాల్నో పాయింట్ పెట్టిన జియాలజిస్టుకు 3,000. దుబ్బ తప్ప చుక్క రాలేదు.

దీని మీద మూడు మాటలు తిరుగుతున్నయి. ఒకటి, చేతుల కొబ్బరికాయ పట్టుకొని నీళ్ల జాడ చెప్పే కొబ్బరికాయ ఆయన ముందే చెరువు కింద పాయింట్ చూపిస్తే మేము వినలేదని. వినకపోవడం కాదు, ఆ పాయింట్ పడ్డది ఒక రైతు పొలంల. ఆయన ముందు సరే అన్నడు, తర్వాత ఎవరో చెప్పిన్రు 2002 వాల్టా (నీళ్లు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల కొత్త వ్యవసాయ బోరు వెయ్యనియ్యరని, రేపు నా బోరు ఎండితే నేనేం చేయాలె అన్నడు. ఆయన భయం ఆయనది, బలవంతం చేసే హక్కు మాకెక్కడిది? అందుకే పంచాయతీ జాగలనే జియాలజిస్టుతోని నీళ్ల జాడ చూసే మీటరు పెట్టి చూపించినం. మన దగ్గర అంత గ్రానైటు రాయి, నీళ్లు రాయి పగుళ్లల్లనే దొరుకుతయి, పగులు తగలకపోతే ఎంత లోతు పోయినా అంతే, మీటరు పెట్టిన ఆయన కూడా గ్యారంటీ అని చెప్పలే.

రెండో మాట, 300 కాడనే ఎందుకు ఆపలేదు అని. 280ల తడి మట్టి వచ్చింది, బోరు బండి డ్రైవర్ 450 కాడ రాయిల గ్యాప్ తగులుతది అన్నడు. ఆ రాత్రి అక్కడ నిలబడ్డోళ్లల్ల సగం మంది ఇంకో వంద దింపున్రి అని మొత్తుకున్నోళ్లే, ఇప్పుడు ఎందుకు దింపిన్రు అని అడిగేటోళ్లు కూడ వాళ్లల్లనే ఉన్నరు. పేర్లు రాయం.

మూడోది, మేము కమీషన్ తిన్నమని. బండి తిరుచెంగోడుది, ఏజెంట్ నంబరు అందరికి తెలుసు, రేటు మూడు చోట్ల అడిగి మాట్లాడినం. బిల్లు మీద అడుగుల లెక్క, రేటు రాసుంది. బండోళ్లకు బత్తా రెండు సార్లు కలిపి 4,000 ఇచ్చినం, దానికి రసీదు లేదు, రసీదు ఇచ్చే బండి ఎక్కడన్న ఉంటే చూపెట్టున్రి. భోజనాలు 2,350. బిర్యానీ తిన్నరు అన్న ముచ్చట ఇదే, తిన్నది బండి మీద పని చేసిన ఒడిశా పిలగాళ్లు, తెల్లారేదాక నిలబడి పని చేసిన్రు, మా ఇళ్లల్ల మేము తినొచ్చినం.

ఫెయిలైన బోరు పూడ్పించి క్యాపు కొట్టినందుకు 3,200. ఇది కూడా దండగ అని ఒకరు అన్నరు. 2020ల మెదక్ జిల్లా పోడ్చన్‌పల్లిల అప్పుడే వేసి వదిలేసిన బోరుల పడి మూడేళ్ల బాబు చచ్చిపోయిండు. సుప్రీంకోర్టు 2010లనే చెప్పింది పనికిరాని బోరు పూడ్చాలె అని. స్కూల్ ఎనుక, పిల్లలు ఆడుకునే కాడ, మేము తెరిచి పెట్టి రావాల్నా? కేసింగ్ల 30 అడుగులు పీకి రెండో దానికి వాడినం, అది కూడ చెప్పాలె కదా.

రెండో బోరు, మళ్లీ ఆ రైతు దగ్గరికే పోయినం. పెద్దమనుషులు, మహిళా సంఘం అక్కలు కూసోబెట్టి మాట్లాడితే ఒప్పుకున్నడు. ఆయనకు 40,000 ముట్టచెప్పినం అన్నది వట్టి మాట, ఒక్క రూపాయి ఇయ్యలే. ప్లాంటు నుంచి రోజు రెండు క్యాన్లు ఫ్రీ, అంతే, కాగితం మీద రాసుకున్నం, స్టాంపు పేపరు మా మెంబరే కొన్నడు. కొబ్బరికాయ ఆయనకు 1,116. నమ్మకం ఉన్నా లేకున్నా నీళ్లు అక్కడ్నే పడ్డయి, 310 అడుగులకు రెండించులు. డ్రిల్లింగ్ 29,550, కొత్త కేసింగ్ 40 అడుగులు 16,000, మొత్తం 45,550. వానలు, వరి నాట్లు అడ్డం పడి పైపులైను ఆలస్యమైంది, నాటు మీద జేసీబీ నడపమంటే ఎవరు ఊకుంటరు?

మొత్తం ఖర్చు 3,33,266. జమ పోను 9,726 తక్కువ పడ్డది, అది పైపుల షాపు బాకీ.

టెస్టుల బోరు నీళ్లల్ల ఫ్లోరైడు 2.3 వచ్చింది, ప్లాంటు నుంచి వచ్చినంక 0.4. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండాలె, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాక. రిపోర్టు ప్లాంటు గోడకు అతికించినం, ఎవరో సగం చింపిన్రు, మళ్లీ పెడతం.

ఇంక బాకీ సంగతి. మీటింగుల మైకుల పేరు చెప్పించుకొని, చప్పట్లు కొట్టించుకొని ఇయ్యనిది మొత్తం 64,000 ఉంది. అందుల నిజంగ ఇబ్బందుల ఉన్నోళ్లను మేము అడగం, పత్తి రేటు సంగతి మాకు తెలుసు. కానీ కొత్త కారు కొనుక్కొని, అదే వాట్సాప్ గ్రూపుల లెక్క ఏమైంది అని రోజు మెసేజ్ పెట్టే అన్నలు జర ఆలోచించాలె. ఇల్లుకు 500 ఇయ్యనివి ఇంకా 41 ఉన్నయి, వాళ్లు కూడా క్యాను పట్టుకపోతున్నరు, నీళ్లు వద్దని ఎవర్నీ అనలేదు, అనం.

వచ్చే బాకీల నుంచి ముందు పైపుల షాపు, తర్వాత స్టెబిలైజర్, ఓల్టేజ్ పడి మోటరు రెండు సార్లు ట్రిప్ అయింది. క్యాను 5 రూపాయలే, కరెంటు బిల్లు, ఫిల్టర్లు దాంట్ల నుంచే పోవాలె, అందుకే నెలకోసారి లెక్క పంచాయతీ బోర్డు మీద రాస్తం, ఈ నెల నుంచి కొత్త వార్డు మెంబర్లు ఇద్దరు కూడ సంతకం పెడతరు.

బిల్లులు, రసీదు బుక్కులు, స్టేట్‌మెంట్ ఒక ఫైల్‌ల పెట్టి పంచాయతీ ఆఫీసుల ఇచ్చినం. కనుమ నాడు పొద్దున పది నుంచి కమిటీ అక్కడ్నే కూసుంటది, అనుమానం ఉన్నోళ్లు చాయ్ హోటల్ కాడ కాకుండ అక్కడికి వచ్చి అడగున్రి, బాకీ ఉన్నోళ్లు వచ్చేటప్పుడు పైసలు కూడ తెస్తే పైపుల షాపాయనకు మేము ఫోన్ ఎత్తొచ్చు.

ఇట్లు,
మంచినీళ్ల ప్లాంటు కమిటీ